మా అమ్మకి ఇంగ్లీష్ రాదు, క్యాట్ వెర్బల్ లో నాకు హెల్ప్ చేసింది మాత్రం అమ్మే

2023 డిసెంబర్ 21న క్యాట్ రిజల్ట్ వచ్చింది, ఐఐఎంల లాంటి మేనేజ్‌మెంట్ కాలేజీల్లో ఎంబీఏ కోసం రాసే పరీక్ష అది. ఆరోజు నాది సెకండ్ షిఫ్ట్, ఫ్లోర్ మీద ఫోన్ అలౌ చేయరు కాబట్టి బ్రేక్ దాకా ఆగి మెట్ల దగ్గరకి వచ్చి లాగిన్ అయ్యా. మొత్తం 58 పర్సంటైల్, వెర్బల్, అంటే ఇంగ్లీష్ సెక్షన్, ఒక్కదాంట్లో 39. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా, పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు, రాసిన వాళ్ళలో నూటికి ఎంతమంది మన వెనక ఉన్నారు అనేది. అంటే ఇంగ్లీష్ చదివి అర్థం చేసుకోవడంలో నూటికి 61 మంది నాకన్నా ముందున్నారన్నమాట. ఆ లెక్క అప్పుడు ఆ మెట్ల మీదే వేసుకున్నా, ఇప్పటికీ మర్చిపోలేదు.

ఏడాది తర్వాత అదే వెర్బల్ లో 90 దాటింది. ఈ మధ్యలో నాకు దొరికిన హెల్ప్ ఎలాంటిదో రాద్దామని చాలా రోజులుగా అనుకుంటున్నా, ఎందుకంటే తెలుగు మీడియం నుంచి వచ్చి, ఇంజినీరింగ్ చేయకుండా, ఉద్యోగం చేస్తూ ప్రిపేర్ అయ్యేవాళ్ళకి పనికొచ్చే మాటలు నాకు అప్పట్లో ఎక్కడా కనపడలేదు, కనపడినవన్నీ ఐఐటి వాళ్ళు 99.9 ఎలా కొట్టారో చెప్పేవే.

మాది మధిర దగ్గర పల్లె. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్, తెలుగు మీడియం. ఇంటర్ సీఈసీ, తర్వాత ఖమ్మంలో బీకాం. నాన్న లేరు, అమ్మ ఇంటి ముందు గదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది, జాకెట్లు, లంగాలు, పెళ్ళిళ్ళ సీజన్ లో అయితే రాత్రి పన్నెండు దాకా మిషన్ చప్పుడే. డిగ్రీ అవ్వగానే హైదరాబాద్ లో ఒక కంపెనీలో వెండర్ల బిల్లులు చెక్ చేసి పేమెంట్ కి పంపే ఉద్యోగం వచ్చింది, ఎస్ఆర్ నగర్ లో హాస్టల్.

డిగ్రీ ఫైనల్ ఇయర్ లో అందరిలాగే ఐసెట్ రాశా. ఐసెట్ ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు చాలామంది ఉంటారు, నాకు అది అస్సలు నచ్చదు. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు, లెక్కలూ అనలిటికల్ ప్రశ్నలూ తెలుగులో కూడా ఇస్తారు, మన యూనివర్సిటీల్లో ఎంబీఏకి, ఎంసీఏకి దారి అదే. ఇంటి పరిస్థితిని బట్టి దగ్గర్లో చదవాల్సిన వాళ్ళకి అంతకన్నా మంచి దారి లేదు. నాకు ర్యాంక్ కూడా పర్వాలేదు, కానీ అప్పుడు ఇంట్లో జీతం అవసరమైంది, జాయిన్ అవ్వలేదు. రెండేళ్ళు పనిచేశాక మా టీమ్ మేనేజర్లు అందరూ ఎంబీఏ వాళ్ళే అని చూసి క్యాట్ రాయాలనిపించింది. అక్కడ నేను చేసిన తప్పు ఏంటంటే ఐసెట్ లాగే ఉంటుంది, కొంచెం కష్టంగా ఉంటుంది అంతే అనుకోవడం. రెండూ వేరే పరీక్షలు. ఐసెట్ లో స్పీడ్ గా చేసుకుంటూ పోవాలి. క్యాట్ లో రెండు గంటల్లో 66 ప్రశ్నలే ఉండేవి, మూడు సెక్షన్లకి 40 నిమిషాలు చొప్పున, ఒక సెక్షన్ లో ఉండగా ఇంకోదానిలోకి పోలేం. కరెక్ట్ అయితే 3 మార్కులు, తప్పయితే 1 పోతుంది, ఆప్షన్లు లేకుండా జవాబు టైప్ చేసే ప్రశ్నలకి మాత్రం నెగెటివ్ లేదు. 198 మార్కుల్లో సగం కూడా రాకపోయినా 99 పర్సంటైల్ వచ్చేసేది, అంటే ఏది వదిలేయాలో తెలియడమే సగం పరీక్ష. ఇది నాకు మొదటిసారి ఎవరూ చెప్పలేదు, చెప్పారేమో కూడా, నాకు ఎక్కలేదు.

కోచింగ్ గురించి చెప్పాలి కదా. మొదటి ఏడాది ఒక పేరున్న ఇన్స్టిట్యూట్ లో చేరా, పేరు రాయను. 36 వేలు, రెండు వాయిదాల్లో. రెండో వాయిదాకి అమ్మ చీటీ పాడింది. శని ఆదివారాల బ్యాచ్, క్లాస్ లో వందమంది పైనే. చెప్పే సార్లు మంచివాళ్ళే, లెక్కలు సార్ అయితే నిజంగా బాగా చెప్పేవారు, కానీ క్లాస్ మొత్తం బీటెక్ వాళ్ళు, సార్ 'ఇది మీకు తెలిసిందే' అని ముందుకి వెళ్ళిపోయినప్పుడల్లా నేను పెన్ను పట్టుకుని అక్కడే ఆగిపోయేదాన్ని. డౌట్ అడగడానికి లేస్తే వందమంది వెనక్కి తిరిగి చూస్తారు. జాయిన్ అయ్యేటప్పుడు ప్రతి స్టూడెంట్ కి ఒక మెంటార్ అన్నారు, ఆ మెంటార్ నాకు మొత్తం మీద రెండుసార్లు ఫోన్ చేశారు, అందులో ఒకటి ఫీజు వాయిదా గురించి. మాక్ టెస్టులు రాసేదాన్ని, స్కోర్ చూసుకుని లాప్‌టాప్ మూసేసేదాన్ని. అక్కడ నాకు కావాల్సింది ఇంకో క్లాస్ కాదు, నేను ఎక్కడ తప్పు చేస్తున్నానో పక్కన కూర్చుని చూసే మనిషి. అది అప్పుడు తెలియలేదు, 58 వచ్చాక తెలిసింది.

రిజల్ట్ వచ్చిన రాత్రి హాస్టల్ కి వచ్చేసరికి పన్నెండున్నర. మా రూమ్మేట్ అక్కది కరీంనగర్, బ్యాంక్ పరీక్షలకి చదువుతుంది. నేను ఏడుస్తుంటే ఓదార్చలేదు, కాసేపు ఆగి 'వెర్బల్ లో నువ్వు తప్పు చేసిన ఒక పేరా చూపియ్' అంది. చూపించా. 'ఇది చదివి వాడేమంటుండో నాకు తెలుగుల చెప్పు' అంది. చదివా, మొదలుపెట్టా, రెండు వాక్యాల తర్వాత ఆగిపోయా. ప్రతి పదం తెలుసు, ప్రతి వాక్యం అర్థమైంది, కానీ మొత్తం కలిపి ఏం చెప్తున్నాడు అంటే నా దగ్గర ఏమీ లేదు. అన్నాళ్ళూ నేను అనుకున్నదేంటంటే నాకు వొకాబులరీ లేదు అని, రోజుకి ఇరవై పదాలు బట్టీ పట్టేదాన్ని, నోట్‌బుక్ నిండా పదాలు. అక్క ఒక్క ప్రశ్నతో అసలు రోగం బయటపెట్టింది, నేను కళ్ళతో చదువుతున్నా, మనసులో మాట మాత్రం తయారవట్లేదు.

మర్నాటి నుంచి రోజుకి ఒక పేరా చదివి అక్కకి తెలుగులో చెప్పడం అనుకున్నాం. నాలుగు రోజులు జరిగింది, తర్వాత అక్కకి ప్రిలిమ్స్ దగ్గరపడ్డాయి, తన టైం తినడం నాకే ఇష్టం లేకపోయింది. అప్పుడు ఒకరోజు అమ్మతో ఫోన్ లో మాట్లాడుతుంటే 'ఏం చదివినవ్ తల్లీ ఇయ్యాల' అని అడిగింది, అమ్మ రోజూ అడుగుతుంది అది, నేను రోజూ 'ఏదో చదివాలే అమ్మా' అనేదాన్ని. ఆరోజు చెప్పా.

ఆ పేరా మ్యాపుల గురించి. మ్యాపులో ఉత్తరం ఎందుకు పైన ఉంటుంది, అలా ఉండాలని రూలేమీ లేదు, ఒకప్పటి అరబ్బుల మ్యాపుల్లో దక్షిణం పైన ఉండేది, పాత క్రిస్టియన్ మ్యాపుల్లో తూర్పు పైన ఉండేది అని. నేను చెప్తుంటే మిషన్ చప్పుడు ఆగింది. 'మనం ఇల్లు కట్టేటప్పుడు ముందు తూర్పే చూస్తం గదా' అంది. అని వెంటనే 'అయితే ఆయన ఉత్తరం పైన పెట్టడం తప్పంటున్నడా, లేకపోతే ఎట్ల వచ్చిందో ఊరికే చెప్తున్నడా' అని అడిగింది.

నేను ఆగిపోయా. ఎందుకంటే ఆ పేరా కింద ఉన్న మూడో ప్రశ్న అదే. రచయిత వైఖరి ఏంటి, విమర్శిస్తున్నాడా, వివరిస్తున్నాడా. నేను దాంట్లో తప్పు ఆప్షన్ పెట్టా. అమ్మ ఏడో తరగతి దాకా చదువుకుంది. పేరా చూడలేదు, ఆప్షన్లు చూడలేదు, కానీ ఎవరైనా ఏదైనా చెప్తే ఇతను ఎందుకు చెప్తున్నాడు అని అడగడం అమ్మకి అలవాటు, షాపుకి వచ్చే వాళ్ళతో రోజూ చేసే పని అదే కదా, జాకెట్ బిగువుగా ఉందని ఒకామె అంటే అది కుట్టు గురించా, డబ్బు తగ్గించమనా అని అమ్మకి మాటలోనే తెలిసిపోతుంది.

ఆ రాత్రి నుంచి నవంబర్ దాకా రోజూ ఒక పేరా అమ్మకి చెప్పా. షిఫ్ట్ అయిపోయి క్యాబ్ ఎక్కాక, గచ్చిబౌలి నుంచి ఎస్ఆర్ నగర్ వచ్చేదాకా. ముందు ఆఫీస్ కి వెళ్ళేముందే పేరా చదివి పెట్టుకునేదాన్ని, కాగితం చూడకుండా చెప్పాలి అని నాకు నేనే రూల్ పెట్టుకున్నా. మొదట్లో మూడు ముక్కలు చెప్పేసి అయిపోయింది అనేదాన్ని. అమ్మ వదలదు. 'మొదట అట్లన్నడు, ఇప్పుడు ఇట్లంటుండు, మనసు మార్చుకున్నడా' అనేది. తర్వాత తెలిసింది ఏంటంటే చాలా పేరాల్లో మొదట వేరేవాళ్ళ వాదన చెప్పి తర్వాత 'కానీ' అని తన వాదన మొదలుపెడతాడు, ఆ 'కానీ' దాటకముందు ఉన్నదాన్ని రచయిత మాట అనుకుంటే రెండు ప్రశ్నలు పోయినట్టే. ఇది క్లాస్ లో కూడా చెప్పారు, నోట్స్ లో రాసుకున్నా కూడా, కానీ అమ్మకి కథ చెప్తూ నేనే తప్పు చెప్పి, అమ్మ పట్టుకుని, మళ్ళీ వెనక్కి వెళ్ళి సరిచేసుకున్నప్పుడే లోపలికి దిగింది.

ఆక్టోపస్ కి ఎనిమిది చేతుల్లో కూడా ఆలోచన ఉంటుందా అనే పేరా చెప్పినరోజు అమ్మ చాలా సేపు మాట్లాడింది, కుట్టేటప్పుడు నా చెయ్యి కూడా దానంతట అదే పోతది గదా అంది. వేదాంతం లాంటి పేరాలు మాత్రం ఇద్దరికీ కష్టమయ్యేవి. నేను చెప్పలేకపోయేదాన్ని, అమ్మ 'నీకే అర్థం కాలే, నాకేం చెప్తవ్, రేపు మళ్ళీ చదివి చెప్పు' అని పెట్టేసేది. ఆ పేరాకి ఎర్ర గుర్తు పెట్టి మర్నాడు మళ్ళీ చదివేదాన్ని. చాలావరకు రెండో రోజు చెప్పగలిగేదాన్ని.

ఇది అందరికీ పనికొస్తుందా అంటే, ఇంగ్లీష్ లోనే ఆలోచించే వాళ్ళకి అక్కర్లేకపోవచ్చు. మనలాగా తెలుగులో ఆలోచించి ఇంగ్లీష్ లో చదివేవాళ్ళకి మాత్రం నేను గట్టిగా చెప్తా, తెలుగులో ఆలోచించకు అని కోచింగుల్లో చెప్తారు చూడండి, ఆ మాట నాకు ఏడాది నష్టం చేసింది. తెలుగులో ఆలోచించడం ఆపితే నేను అసలు ఆలోచించడమే ఆపేశా, ఇంగ్లీష్ పదాల వెంట పరిగెత్తా అంతే. పేరాలు ఎక్కడివి అంటే, 2017 నుంచి క్యాట్ అసలు పేపర్లు బయట దొరుకుతాయి, అవన్నీ అయ్యాక ఏయాన్ అనే సైట్ లో వ్యాసాలు, హిందూ పేపర్ లో ఎడిటోరియల్స్. వెర్బల్ సెక్షన్ లో 24 ప్రశ్నలుంటే 16 పేరాల మీదే, మిగతా 8 వాక్యాలు వరసలో పెట్టడం, పేరాకి సారాంశం లాంటివి, అవి కూడా ఇదే అలవాటుతో బాగుపడ్డాయి, నేను విడిగా పెద్దగా ఏమీ చేయలేదు.

ఇక లెక్కలు. పదో తరగతి తర్వాత లెక్కలు ముట్టుకోలేదు నేను. మొదటి ఏడాది క్లాసులో ఎల్‌సీఎం, సింపుల్ ఇంట్రెస్ట్, రేషియో, టైమ్ అండ్ వర్క్ అంటుంటే అన్నీ కొత్త సబ్జెక్టులే అనిపించేది, భయంతోనే సగం వినిపించేది కాదు. రెండో ఏడాది పొద్దునపూట చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టా. ఆ లైబ్రరీ గురించి తెలిసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు, గ్రూప్స్ కి, కానిస్టేబుల్ కి, డీఎస్సీకి చదివే వాళ్ళతో ఎప్పుడూ నిండి ఉంటుంది, లోపల సీటు దొరక్కపోతే బయట చెట్ల కింద కూర్చుని చదువుతారు. అక్కడ నా పక్క కుర్చీలో రోజూ ఒక అన్న కూర్చునేవారు, నల్గొండ జిల్లా, గ్రూప్ 2 కి చదువుతున్నారు. ఆ ఏడాది గ్రూప్ 2 వాయిదాల మీద వాయిదాలు పడుతూనే ఉంది గుర్తుందా, చివరికి 2024 డిసెంబర్ లో జరిగింది.

ఒకరోజు నేను ఒక లెక్క దగ్గర అరగంట కూర్చున్నా. ఆయన చూసి 'ఏం లెక్క చెల్లె' అన్నారు. ఏదో కాంపౌండ్ ఇంట్రెస్ట్ అన్నా. చదివి 'చక్రవడ్డీ గదా' అన్నారు. ఆ ఒక్క మాటకి నాకు మా హైస్కూల్ లెక్కల మాస్టారు, బోర్డు, చాక్‌పీసు అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. బారువడ్డీ, చక్రవడ్డీ, లాభనష్టాలు, నిష్పత్తి, కాలం పని, కాలం దూరం, క.సా.గు, గ.సా.భా. ఇవన్నీ నాకు వచ్చు. పదిలో లెక్కలకి మంచి గ్రేడే నాకు. పేర్లు మారేసరికి రావనుకున్నా. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని సిలబస్ మొత్తానికి ఒక పక్క ఇంగ్లీష్ పేరు, ఒక పక్క తెలుగు పేరు రాసుకున్నా, ప్రోగ్రెషన్స్ అంటే శ్రేఢులు, లాగరిథమ్స్ అంటే సంవర్గమానాలు, ఇలా. సగానికి పైగా పేర్ల పక్కన టిక్ పెట్టుకోగలిగా. తెలుగు మీడియం వాళ్ళు ఎవరైనా ప్రిపరేషన్ మొదలుపెడితే ముందు ఈ కాగితం రాసుకోండి, ఒక గంట పని.

ఆ అన్న నాకు లెక్కలు చెప్పిన పద్ధతి కూడా రాస్తా, ఎవరికైనా పనికొస్తుంది. శాతాలన్నీ భిన్నాలుగా మార్చేయమన్నారు. 12.5 శాతం అంటే ఎనిమిదో వంతు, 14.28 అంటే ఏడో వంతు, 16.66 అంటే ఆరో వంతు, 11.11 అంటే తొమ్మిదో వంతు, 9.09 అంటే పదకొండో వంతు. ఎందుకంటే ధర 25 శాతం పెరిగితే అదే డబ్బుతో కొనాలంటే ఎంత తగ్గించి కొనాలి అని అడుగుతాడు, ఎక్స్ వై పెట్టి నేను రెండు నిమిషాలు చేసేదాన్ని. ఆయన 'మీటరు బట్ట నాలుగు రూపాయలనుకో, ఐదయింది, నాలుగులో ఒకటి పెరిగింది, ఇప్పుడు ఐదులో ఒకటి తగ్గించి కొనాలె, అంటే 20 శాతం' అని పది సెకన్లలో చెప్పారు. మా ఇంట్లో బట్టల లెక్కే కాబట్టి నాకు అది జన్మలో మర్చిపోయేది కాదు. క్యాట్ లెక్కల్లో అంకగణితం, బీజగణితం రెండూ కలిపి పెద్ద వాటా, నేను ఈ రెండూ గట్టిగా పట్టుకుని రేఖాగణితంలో త్రిభుజాలు, వృత్తాల వరకు చూసి, పర్ముటేషన్లు పూర్తిగా వదిలేశా. అన్నీ చదవాలి అనేవాళ్ళ మాట వినుంటే ఏదీ వచ్చేది కాదు నాకు.

ఆయనకి నేను ఏమిచ్చానంటే, గ్రూప్ 2 మూడో పేపర్ ఎకానమీ. రెవెన్యూ లోటు, ద్రవ్య లోటు తేడా, జీఎస్టీలో ఇన్‌పుట్ క్రెడిట్ ఎలా పనిచేస్తుంది, ఇవి నేను చెప్పేదాన్ని. బీకాం, పైగా రోజంతా బిల్లులతోనే పని కాబట్టి నాకు అది అన్నం తిన్నంత తేలిక. పొద్దున ఒక అరగంట నేను, ఒక అరగంట ఆయన. అలా ఏడు నెలలు. డబ్బు మాట రాలేదు, టీ డబ్బులు కూడా ఒకరోజు ఆయన ఒకరోజు నేను.

డీఐఎల్‌ఆర్ అంటే డేటా, లాజిక్ పజిల్స్ సెక్షన్, అందులో రూమ్మేట్ అక్కే మళ్ళీ దారి చూపించింది. బ్యాంక్ పరీక్షల్లో సీటింగ్ అరేంజ్‌మెంట్ పజిల్స్ చేసీ చేసీ తన చెయ్యి తిరిగిపోయింది, కానీ క్యాట్ సెట్, అంటే ఒకే సమాచారం మీద నాలుగైదు ప్రశ్నలు, ఇస్తే తనూ పదిహేను నిమిషాలు ఇరుక్కుంది. అప్పుడు ఇద్దరం కలిసి ఒక ఆట పెట్టుకున్నాం, నాలుగు సెట్లు తీసుకుని, చేయకూడదు, ఐదు నిమిషాల్లో చదివి ఏ రెండు చేయాలో మాత్రం విడివిడిగా కాగితం మీద రాయాలి, తర్వాత నాలుగూ తీరిగ్గా చేసి ఎవరి ఎంపిక సరైనదో చూడాలి. పాత పేపర్లన్నిటి మీదా ఇదే చేశాం. మొదట్లో నేను చిన్నగా కనిపించిన సెట్ ఎంచుకునేదాన్ని, అవే ముంచేవి. పెద్దగా టేబుల్ నిండా అంకెలున్నవి చాలాసార్లు తేలిక, ఎందుకంటే కావాల్సిందంతా అక్కడే ఇచ్చేసి ఉంటాడు.

మాక్ టెస్టులకి మాత్రం డబ్బు పెట్టా, అది పెట్టాల్సిందే అని నా అభిప్రాయం, క్లాసులు లేకుండా మాక్స్ మాత్రమే తీసుకుంటే చాలా తక్కువలో అయిపోతుంది. ఆదివారం పొద్దున మాక్, సాయంత్రం దాకా దాని పోస్ట్‌మార్టం. ప్రతి తప్పు పక్కన నాలుగింటిలో ఒకటి రాసేదాన్ని, రాదు, వచ్చు కానీ కూడిక తప్పింది, ప్రశ్న సరిగ్గా చదవలేదు, వదిలేయాల్సింది పట్టుకున్నా. నెల తర్వాత లెక్కపెడితే నాలుగోదే ఎక్కువ. ఆ కాగితం అక్క చేతికి ఇచ్చేదాన్ని, మన తప్పులు మనం చూసుకుంటే మన మీద మనకి జాలి వస్తుంది, అక్కకి రాదు.

ఇంకో విషయం, ఇది చదువు కాదు కానీ దీని దగ్గర నాకు తెలిసిన ఒక అబ్బాయికి ఏడాది పోయింది కాబట్టి రాస్తున్నా. మనకి రాష్ట్రంలో బీసీ సర్టిఫికెట్ ఉంటే క్యాట్ లో ఓబీసీ అయిపోయినట్టు కాదు. కేంద్రం ఓబీసీ లిస్టు వేరు, రాష్ట్రం బీసీ లిస్టులో ఉన్న కులాలన్నీ అందులో ఉండవు, జాతీయ బీసీ కమిషన్ సైట్ లో మన రాష్ట్రం పేరు కింద చూసుకోవాలి. సర్టిఫికెట్ కూడా కేంద్రం ఫార్మాట్ లో, నాన్ క్రీమీ లేయర్ అని ఉండాలి, కొత్తది అయి ఉండాలి, మీసేవలో ఊరికే బీసీ సర్టిఫికెట్ అని అడిగితే రాష్ట్రానిదే ఇస్తారు. అప్లికేషన్ ఆగస్టు, సెప్టెంబర్ లో ఉంటుంది కాబట్టి జూన్, జూలైలోనే తహసీల్దార్ ఆఫీస్ పని చూసుకోండి. ఈడబ్ల్యూఎస్ వాళ్ళకీ అంతే. 2024 లో ఫీజు 2,500, ఎస్సీ, ఎస్టీ, వికలాంగులకి 1,250, ఓబీసీకి తగ్గింపు లేదు.

2024 నవంబర్ 24, ఆదివారం. నాది మధ్యాహ్నం స్లాట్, 12:30 కి. వెర్బల్ అయిపోయి డీఐఎల్‌ఆర్ తెరుచుకోగానే చూస్తే నాలుగు సెట్లు కాదు, ఐదు ఉన్నాయి, 20 ప్రశ్నల బదులు 22. అంతకుముందు మూడేళ్ళు మొత్తం 66 ఉండేవి, ఆ ఏడాది 68 చేశారు. ఒక నిమిషం చేతులు చల్లబడ్డాయి. తర్వాత అక్కతో ఆడిన ఆట గుర్తొచ్చింది, ఐదు ఉంటే ఇంకా మంచిదే కదా, ఎంచుకోవడానికి ఒకటి ఎక్కువ. రెండు పూర్తిగా, మూడోది సగం చేశా. డిసెంబర్ 19న రిజల్ట్. మొత్తం 93, వెర్బల్ 91. పెద్ద ఐఐఎంలకి ఇది చాలదని నాకు తెలుసు, కానీ క్యాట్ స్కోర్ తో తీసుకునే మంచి కాలేజీలు చాలా ఉన్నాయి, వాటిల్లో ఇంటర్ మార్కులు, డిగ్రీ మార్కులు, ఉద్యోగ అనుభవం కూడా కలుపుతారు, ఇంజినీరింగ్ కాని వాళ్ళకి, అమ్మాయిలకి కొన్నిచోట్ల అదనపు పాయింట్లు కూడా ఉంటాయి. నాకు నాలుగు ఇంటర్వ్యూ కాల్స్ వచ్చాయి.

ఇంటర్వ్యూకి మా ఆఫీస్ లో ఒక మేడమ్ నన్ను మూడు శనివారాలు కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. నేను అమ్మ గురించి 'హోమ్ మేకర్' అని చెప్తుంటే ఆవిడ ఆపి, 'మీ అమ్మగారు షాప్ నడుపుతుంటే అలా ఎందుకు చెప్తున్నావు' అన్నారు. చాలా సిగ్గేసింది. నిజంగా ఇంటర్వ్యూలో ఒక సార్ టైలరింగ్ అనగానే పట్టుకున్నారు, మీ అమ్మగారి షాపుకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉందా అని. లేదు సార్, కుట్టడం సర్వీస్ కిందకి వస్తుంది, ఏడాదికి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్, అమ్మది అందులో చాలా చిన్న భాగం అని చెప్పా. తర్వాత జాకెట్ రేటు ఎలా పెడుతుంది, పెళ్ళిళ్ళ సీజన్ లో పెంచుతుందా, అప్పు పెడితే ఎలా వసూలు చేస్తుంది, ఇరవై నిమిషాల్లో పదిహేను నిమిషాలు అమ్మ షాపు గురించే. తెలుగులో తెలిసిన విషయాన్ని ఇంగ్లీష్ లో చెప్పడం, పదకొండు నెలలు నేను చేసిన దానికి సరిగ్గా తిరగేసిన పని అది.

సీటు వచ్చింది, ఇప్పుడు కాలేజీ హాస్టల్ లో ఉంటున్నా. అక్కకి గ్రామీణ బ్యాంక్ లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది, లైబ్రరీ అన్న ఇంకా చదువుతున్నారు, మొన్న ఫోన్ చేసి 'ఈసారి ఎకానమీ బాగా రాసిన చెల్లె' అన్నారు.

మా ఊరి పక్కన వైరా నుంచి ఒక అమ్మాయి ఈ ఏడాది రాస్తోంది, బీఎస్సీ, తెలుగు మీడియం. నాకు ఫోన్ చేసి మెటీరియల్ పంపమంది, పంపా. రోజూ ఒక పేరా ఎవరికైనా తెలుగులో చెప్పమని కూడా అన్నా. ఇంట్లో వినేవాళ్ళు ఎవరూ లేరక్కా, అమ్మా నాన్నా మిర్చి చేనుకి పోయి అలిసిపోయి వస్తారు అంది. నాకు క్లాసులు, అసైన్‌మెంట్లు, రాత్రి ఖాళీ ఉండదు. అమ్మ నంబర్ ఇచ్చా. ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకి ఆ అమ్మాయి అమ్మకి ఫోన్ చేసి పేరా చెప్తుంది, పదిన్నరకి అమ్మ నాకు చేసి ఆ పిల్ల ఎక్కడ తడబడిందో చెప్తుంది. నిన్న చేపల వలల గురించి ఏదో పేరా అంట. 'చివర్ల ఆయన ప్రభుత్వాన్ని తిడుతుండా, చేపలు పట్టేటోళ్ళని తిడుతుండా, ఆ పిల్ల చెప్పలేకపోయింది, రేపు మళ్ళీ చదివి చెప్పమన్న' అంది అమ్మ.